బాత్రూమ్‌లో గెంతే బూడిదరంగు పురుగులు: నలభై రోజులైంది, ఏ మందుకీ పోవడం లేదు

తెల్లవారుజాము

అందరికీ నమస్కారం. ఇది అడగాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. పురుగులు అనగానే ఈవిడ ఇల్లు ఊడ్చుకోదేమో అనుకుంటారు. ఊడ్చుకుంటానండీ. ఈ మధ్య మరీ ఎక్కువగా ఊడ్చుకుంటున్నాను.

మా పడకగదికి ఆనుకుని ఒక బాత్రూమ్ ఉంది. నేను రోజూ ఐదింటికే లేస్తాను. నలభై రోజుల కింద ఒకరోజు లైటు వేస్తే, నేల మీద ఒక మూల పెన్సిలు చెక్కిన పొడి రాలినట్టు కనిపించింది. పాప పనేమో అనుకుని కాలితో పక్కకి తోశాను. ఆ పొడి గెంతింది.

అప్పటి నుంచి రోజూ ఇదే వరస. ఆవగింజలో సగం కూడా ఉండవు. బూడిదరంగు, కొంచెం పొడుగు, రెక్కలు లేవు. వాటి మానాన వాటిని వదిలేస్తే మెల్లగా నడుస్తాయి. వేలు దగ్గరికి తెస్తే మాత్రం టక్కున మాయమై బెత్తెడు దూరంలో తేలతాయి. నొక్కితే కొంచెం తడి మరక తప్ప ఏమీ మిగలదు. ఇంకో వింత ఏమిటంటే ఇవి బకెట్ నీళ్లలో పడినా మునగవు. నీళ్ల మీదే నిలబడి, అక్కడి నుంచే మళ్లీ గెంతుతాయి. నేను మగ్గు పట్టుకుని చూస్తూ నిలబడిపోయాను.

నేను చేసినవన్నీ చెప్తాను, తిట్టుకోకండి. మొదటి వారం ఫ్లోర్ క్లీనర్ వేసి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కడిగాను. తగ్గకపోతే మధ్యాహ్నం కూడా మొదలుపెట్టాను. రెండో వారం బొద్దింకల స్ప్రే కొట్టాను. మర్నాడు బాగా తగ్గాయి, గెలిచాం అనుకున్నాను. నాలుగు రోజులకి మళ్లీ మామూలే. తర్వాత కోపం వచ్చి జాలీలో బ్లీచింగ్ పౌడర్ వేసి, అది చాలదన్నట్టు టాయిలెట్ కడిగే యాసిడ్ కూడా పోశాను. ఒక్కసారిగా ఘాటు కొట్టి, కళ్ల నీళ్లతో దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాను. పురుగులకి ఏమీ కాలేదు. చివరికి పురుగుల మందు కొట్టేవాళ్లని పిలిచాం. వాళ్లు అవేమిటో వంగి చూడలేదు కూడా. ఇల్లంతా కొట్టి వెళ్లారు. వారం బాగుంది. మళ్లీ వచ్చాయని ఫోన్ చేస్తే ఇంకో రెండుసార్లు కొట్టించుకోవాలన్నారు.

మా పాప ఆరో తరగతి. రోజూ పొద్దున వీటిని లెక్కపెట్టి తలుపుకి అంటించిన కాగితం మీద రాస్తోంది. 43, 38, 51 (ఆ రోజు ఇల్లంతా వినిపించేలా "అమ్మా, హాఫ్ సెంచరీ!"), స్ప్రే కొట్టిన మర్నాడు 6, ఆపైన 17, ఆపైన 40. నాకు టెన్షన్, దానికి స్కోరు.

మా అత్తగారు ఇవి కుక్కల ఒంటి మీద ఉండే పురుగులే అంటున్నారు. మాకు కుక్క లేదు. అయినా ఆవిడకి పాదాలు దురద. నాకు చేతులు దురద. మా ఆయనకి ఏమీ లేదు, నేను అడిగిన మర్నాటి నుంచి ఆయనకీ మొదలైంది.

ఇంతకీ ఇవేమిటి? కుడతాయా? బీరువాల్లోకి, మంచాల్లోకి పాకుతాయా? ఏ మందు కొడితే శాశ్వతంగా పోతాయి?

నిజమేనా

మాకూ ఇలాగే వచ్చాయి. జాలీలో రోజూ రాత్రి మరుగుతున్న నీళ్లు పోయండి, పది రోజుల్లో పోతాయి. మా ఇంట్లో గ్యారంటీగా పోయాయి. రెక్కలు దులుపుకుంటూ గోడ మీద కూర్చుంటాయి, అవే కదా?

తెల్లవారుజాము

రెక్కలు లేవండీ. గోడ మీద కూర్చోవు. గెంతుతాయి.

గాజుసీసా

నిజమేనా గారూ, మీ ఇంట్లోవి డ్రెయిన్ ఈగలు. చిన్న సీతాకోకచిలుకల్లా, ఒంటి మీద నూగుతో ఉంటాయి. అవి గొట్టంలోని జిడ్డులో పెరుగుతాయి కాబట్టి గొట్టం శుభ్రం చేస్తే తగ్గుతాయి. ఇక్కడి కథ వేరు. పైగా ప్లాస్టిక్ గొట్టాల్లో రోజూ మరిగే నీళ్లు పోస్తే అతుకులు వదులవుతాయి, లేని లీకేజీ ఒకటి తయారవుతుంది.

తెల్లవారుజాము గారూ, మీవి స్ప్రింగ్‌టెయిల్స్. ఇంకేవీ కావని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. గెంతడం, నొక్కగానే తడి మరకైపోవడం, నీళ్ల మీద తేలడం, ఈ మూడూ మీరే రాశారు. ముందే ఒప్పేసుకుంటున్నా, మీరు తరుముతున్న వీటిని నేను సీసాలో పెట్టి పెంచుతున్నా. మొక్కలు పెట్టిన, మూత ఉన్న గాజు పెట్టెల్లో బూజు పట్టకుండా ఇవి తినేస్తాయి. అందుకే వీటి మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, అది తీసేసి చదువుకోండి.

వీటి పొట్ట కింద, వెనక వైపు, చీలిన పుల్లలాంటి అవయవం ఒకటి ఉంటుంది. మామూలుగా అది ముందుకి మడిచి, ఒక చిన్న కొక్కేనికి తగిలించి ఉంటుంది. భయం వేస్తే కొక్కెం వదులుతుంది, పుల్ల నేలని కొడుతుంది, పురుగు గాల్లోకి లేస్తుంది. ఎటు లేస్తుందో దానికే తెలియదు. అందుకే ఒక్కోసారి మీ వేలి మీదే పడుతుంది. కుట్టడానికి వచ్చిందని మనకి అనిపిస్తుంది.

కుట్టవు. వీటి నోరు తల లోపలికి ముడుచుకుని ఉంటుంది. మన చర్మాన్ని కొరికే ఏర్పాటే కాదు. తినేది బూజు, నాచు, కుళ్లిన ఆకు, పుప్పొడి లాంటివి. చెక్క, బట్ట జోలికి పోవు, రోగాలు మోయవు. ఆరుకాళ్లున్నా వీటిని ఇప్పుడు అసలు కీటకాల్లో కలపరు, పక్కన వేరే వర్గంగా పెడతారు. చాలా పాత కాపురం వీటిది. స్కాట్లాండ్‌లోని రైనీ దగ్గర రాతిలో దొరికిన స్ప్రింగ్‌టెయిల్ సుమారు 40 కోట్ల ఏళ్ల నాటిది. డైనోసార్లు అప్పటికింకా పుట్టలేదు.

ఇక కుక్కల మీద ఉండేవి, వాటిని ఫ్లీ అంటారు. అవి పక్కల నుంచి నొక్కేసినట్టు పల్చగా, గట్టిగా ఉంటాయి. గోటితో నొక్కినా ఓ పట్టాన చావవు, గెంతేది వెనక కాళ్లతో. మీవి వేలు తగిలితేనే పోతున్నాయి. అనుమానం తీరాలంటే పారదర్శక టేపు ముక్కతో ఒకదాన్ని అంటించి, తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో చూడండి.

దురదకి కారణం వేరేచోట వెతకండి. పరుపు కుట్ల దగ్గర నల్లుల మచ్చలున్నాయేమో చూడండి. లేకపోతే రోజుకి మూడుసార్లు ఫ్లోర్ క్లీనర్‌లో తడుస్తున్న మీ చేతుల్ని, ఆ నేల మీద చెప్పులు లేకుండా నడుస్తున్న మీ అత్తగారి పాదాల్ని అనుమానించండి.

ఇప్పుడు అసలు సంగతి. వీటి చర్మం నీటిని ఆపుకోలేదు. పొడి గాలిలో ఉంచితే ఎండిపోయి కొద్దిసేపట్లోనే చస్తాయి. పొట్ట కింద ముందు వైపు ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాంతో తడి పీల్చుకుంటాయి. 1870లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ లబ్బక్ వీటికి కొలెంబోలా అని పేరు పెట్టింది ఆ గొట్టాన్ని చూసే. అది జిగురులా అతుక్కునే అవయవం అనుకున్నాడు, గ్రీకులో జిగురుకి ఉన్న మాట పేరులోకి వచ్చింది. తడి ఉన్నచోట తప్ప ఇవి బతకవు, మీ దగ్గర నలభై రోజులుగా బతుకుతున్నాయి. అంటే ఆ బాత్రూమ్‌లో గానీ దాని వెనక గానీ ఎప్పుడూ ఆరని చోటు ఒకటుంది.

మీరు కొట్టిన మందు బయటికొచ్చిన వాటిని చంపింది. టైల్స్ కింద ఉన్నవాటికి అది చేరదు. రెండు రోజులాగి అవి బయటికి వస్తాయి. ఇక రోజుకి మూడుసార్లు కడగడం గురించి, ఎలా చెప్పాలో తెలియడం లేదు గానీ, మీరు వాటికి నీళ్లు పోసి పెంచుతున్నారండీ.

బ్లీచింగ్, యాసిడ్ మాత్రం ఇంకెప్పుడూ కలపకండి. మీకు ఘాటు కొట్టింది క్లోరిన్ వాయువు. తలుపు వేసుకుని చేసుంటే ఆసుపత్రి దాకా వెళ్లేది.

ఈలోగా కంటి ముందున్నవాటిని తగ్గించాలంటే వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి. అది లేకపోతే స్ప్రే సీసా నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కొట్టండి. వాటి చర్మానికి నీళ్లు అంటవు, సబ్బు కలిస్తే అంటుతాయి, ఇక తేలలేవు. కొట్టిన వెంటనే తుడిచి ఆరబెట్టండి. నేల పొడిగా ఉంచండి. స్నానం అయ్యాక వైపర్‌తో నీళ్లు లాగేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అరగంట తిప్పండి. ఇంట్లో తేమ కొలిచే మీటర్ ఉంటే 50 శాతం లోపు ఉండేలా చూసుకోండి. దీంతో గాలిలో తేమ పోతుంది. గోడలోకి నీళ్లు దిగుతుంటే మాత్రం ఇదంతా తాత్కాలికమే, దానికి మేస్త్రి కావాలి.

తెల్లవారుజాము

చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీళ్లు పోసి పెంచుతున్నానా! మా ఆయన ఆ వాక్యం ఇప్పటికి నాలుగుసార్లు పైకి చదివారు.

టేపు పరీక్ష చేశాం. పాప భూతద్దం పట్టుకుంది. వెల్లకిలా అంటుకున్నది ఒకటి దొరికింది. పొట్ట కింద నుంచి సన్నటి పుల్ల, చివర రెండుగా చీలి, బయటికి తెరుచుకుని ఉంది. గెంతబోయి టేపుకి అంటుకుపోయినట్టుంది. తల ముందు రెండు పొట్టి మీసాలు ఇంకా కదులుతున్నాయి. చూశాక కొంచెం జాలి వేసింది, ఆ తర్వాత మిగతావాటిని సబ్బునీళ్లతోనే కొట్టాననుకోండి.

పరుపు కుట్లన్నీ టార్చి వేసి చూశాను. నల్లులు లేవు.

మరి తడి ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి? బాత్రూమ్ అంతా తడిగానే ఉంటుంది కదా. ప్లంబర్ వచ్చి పంపులు తిప్పి చూసి, ఎక్కడా కారడం లేదమ్మా అని వెళ్లిపోయాడు.

పాతమేస్త్రి

అమ్మా, ఇరవై ఆరేళ్లు టైల్స్ పని చేశాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించక మానేశాను. పురుగుల సంగతి నాకు తెలియదు గానీ నీళ్ల సంగతి తెలుసు.

ముందు పాపని ఇంకోరకంగా లెక్కపెట్టమనండి. మొత్తం ఎన్ని అని కాదు, ఏ మూల ఎన్ని అని. కాగితం మీద బాత్రూమ్ నాలుగు మూలలూ గీసి, ఏ మూల అంకె ఆ మూల రాయమనండి. మూడు రోజుల్లో ఒక మూల బయటపడుతుంది. ఆ మూల గోడకి అవతల ఏముందో చూడండి. బీరువా ఉంటే జరపండి, గోడలో కట్టిన అల్మరా అయితే అట్టడుగు అర ఖాళీ చేయండి. జనం ఈ పని ఆఖర్న చేస్తారు, బరువని. మొదట చేయాల్సింది అదే.

చెమ్మ కనిపిస్తే దాని అంచు పెన్సిలుతో గీసి పక్కన తారీఖు వేయండి. అక్కడే రెండు అరచేతులంత ప్లాస్టిక్ కాగితం గోడకి ఆనించి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. తీసి చూస్తే గోడకి ఆనిన వైపు తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. మీ వైపు తడి ఉంటే అది గదిలో గాలి చెమ్మ, కిటికీ తెరిస్తే పోయేది.

గోడలోంచే అని తేలితే మూడు దారులుంటాయి. పంపుకి నీళ్లు తెచ్చే గొట్టం, నీళ్లు పోయే గొట్టం, టైల్స్ సందులు. ప్లంబర్ చూసింది మొదటిది, అది కూడా పైపైన.

నీళ్లు తెచ్చే గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. అది పగిలితే మీరు వాడినా వాడకపోయినా కారుతూనే ఉంటుంది. నీటి మీటరు ఉంటే రాత్రి ఇంట్లో పంపులన్నీ కట్టేసి అంకె రాసుకోండి, ట్యాంకులోకి నీళ్లెక్కే దారీ మూసేయండి. పొద్దున్న అంకె కదిలిందంటే మీటరుకీ మీ పంపులకీ మధ్య ఎక్కడో పోతోంది. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని మీటరు పట్టుకోదు. దానికి, ఆ బాత్రూమ్ వారం రోజులు పూర్తిగా మానేయండి. గీసిన అంచు లోపలికి జరుగుతూ వస్తే గొట్టం తప్పు లేదు. అంచు అలాగే ఉంటే, పెరిగితే, గొట్టమే.

అంచు జరిగిందనుకోండి. అప్పుడు మిగతా రెండూ విడదీయాలి. ఒక పైపు ముక్క పెట్టి నాలుగు బకెట్ల నీళ్లు నేల తడవకుండా నేరుగా జాలీలోకి వదలండి. రోజుకోసారి, మూడు రోజులు. చెమ్మ పెరిగితే పోయే గొట్టం. పెరగకపోతే ఆపి, తర్వాత మూడు రోజులు గోడ మీదా మూలల మీదా నీళ్లు కొట్టండి. ఇప్పుడు పెరిగిందంటే టైల్స్ సందులు.

తొందరపడి సందుల మీద తెల్ల సిమెంటు పూయించకండి. చాలామంది చేసే తప్పు అదే. సందుల్లో పెట్టే గ్రౌట్ నీళ్లు ఆపేది కాదు. ఆపాల్సింది టైల్స్ కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పూత. అది పోయిందంటే పైన ఏం పూసినా లోపల తడి లోపలే ఉండి, ఇంకోవైపు నుంచి తేలుతుంది.

చిన్నకుండీ

మధ్యలో చిన్న మాట. బాత్రూమ్‌లోగానీ పక్కన గానీ మొక్కలున్నాయా? మా ఇంట్లో ఇవే పురుగులు కుండీ కింద పెట్టిన పళ్లెంలో వచ్చాయి. రోజూ నీళ్లు పోయడం మానేసి, పై మట్టి వేలి కణుపు లోతు వరకు ఆరాకే పోయడం మొదలుపెట్టాక తగ్గిపోయాయి. మొక్కలకి వాటి వల్ల హాని లేదు, మట్టిలో కుళ్లినవే తింటాయి. మీ మూల దగ్గర కుండీ ఉంటే గోడ తవ్వకముందు అది జరిపి చూడండి.

తెల్లవారుజాము

కుండీలు బాల్కనీలో ఉన్నాయండీ, దూరం. అయినా చూశాను. ఒకదాని పళ్లెంలో ఉన్నాయి! ఇన్నాళ్లూ నేను అటు చూడనే లేదు. అవి అక్కడే ఉండనివ్వండి, ఒక్కో యుద్ధం ఒక్కోసారి.

మేస్త్రి గారూ, పాప మూలల లెక్క మొదలుపెట్టింది. వివరాలతో మళ్లీ వస్తాను.

తెల్లవారుజాము (ఏడు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించాలి. ఇంట్లో మట్టి, సిమెంటు, ఫ్యాన్ల మోత. ఇప్పుడే ఊపిరి పీల్చుకుంటున్నాను. వరసగా చెప్తాను.

మూలల లెక్కలో మూడో రోజుకే తేలిపోయింది. షవర్ కింద మూల 29, తలుపు మూల 3, మిగతా రెండూ కలిపి 5. షవర్ మూలకి అవతల మా పడకగదిలో గోడ అల్మరా ఉంది. దాని అడుగు అరలో నా పాత లెక్కల పుస్తకాలు, మళ్లీ అక్కర్లేనివి, పారేయడానికి మనసు రానివి. ఆ అర తెరిచి ఎన్నాళ్లైందో నాకే గుర్తులేదు.

మొదటి కట్ట ఎత్తగానే వాసన కొట్టింది, తడిసిన అట్టపెట్టె వాసన. రెండో కట్ట అట్ట వెనక నల్లటి చుక్కలు, బూజు. మూడోది ఎత్తేసరికి అట్టడుగు పుస్తకం చెక్కకి అతుక్కుపోయి ఉంది. లాగితే కింది పేజీలు అక్కడే ఉండిపోయాయి. ఆ పేజీల మీద బూడిద చల్లినట్టు ఉంది, వెలుతురు పడగానే ఆ బూడిదంతా ఒక్కసారి చిటపటలాడింది. కాగితం మీద అవి గెంతితే చప్పుడు వినిపిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. సన్నగా, చినుకు మొదలైనట్టు. మా అత్తగారు వచ్చి చూసి "ఓసి, ఇవి చదువుకుంటున్నాయే" అన్నారు.

పుస్తకాలన్నీ బయట పారేశాం. లెక్కలు తేల్చుకోలేదు, ఏమీ చూసుకోలేదు.

తర్వాత పరీక్షలు. ప్లాస్టిక్ కాగితానికి గోడవైపు తడి పట్టింది, బొట్లు బొట్లుగా. మీటరు అంకె రాత్రంతా కదలలేదు. బాత్రూమ్ వారం మానేశాం (ఉన్న ఇంకో బాత్రూమ్‌కి ఐదుగురం, ఆ వారం గురించి రాయను). గీసిన అంచు రెండు వేళ్లు లోపలికి జరిగింది. జాలీలోకి నేరుగా నీళ్లు వదిలాం, మూడు రోజులూ కదలిక లేదు. గోడ మూల మీద నీళ్లు కొట్టడం మొదలుపెట్టిన రెండో రోజుకి అంచు మళ్లీ బయటికి వచ్చింది. పెన్సిలు గీత దాటి వచ్చింది. నాకు అంత సంతోషం ఎందుకు వేసిందో మా ఆయనకి అర్థం కాలేదు.

మేస్త్రి గారు చెప్పినట్టే, వచ్చిన మనిషి మొదట సందులు పూసి వెళ్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ మూల నాలుగు టైల్స్ తీయించాను. గోడా నేలా కలిసేచోట వెంట్రుకంత చీలిక, టైల్ ఉండగా కనిపించేది కాదు. టైల్ కింద సిమెంటు వేలు పెడితే తడిగా, నల్లగా ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే ఇసకలా రాలింది. ఆ ఇసకలోనూ గెంతేవి ఉన్నాయి, వేరే చెప్పక్కర్లేదు.

గీకినదంతా తీసేసి రెండు ఫ్యాన్లు పెట్టి పద్దెనిమిది రోజులు ఆరబెట్టాం. పనివాడు మూడో రోజు నుంచే "చాలమ్మా ఆరింది" అనేవాడు. ప్లాస్టిక్ కాగితం పెట్టి చూపించేదాన్ని, మర్నాడు మళ్లీ వచ్చేవాడు. ఆరాక పూత నేల మీదే కాకుండా గోడ మీదికి కూడా ఎక్కించి వేశారు. జాలీ మూసి ఇరవై నాలుగు గంటలు నీళ్లు నిలబెట్టాం. అల్మరా వైపు పొడిగా ఉంది. అప్పుడు టైల్స్ వేశారు. పాత రంగు దొరకలేదు. నాలుగు టైల్స్ కొంచెం తెల్లగా, పళ్లు కట్టించుకున్నట్టు ఉన్నాయి. రోజూ ఐదింటికి అవే మొదట కనిపిస్తాయి, ఫరవాలేదు.

అల్మరా గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు, తలుపు తీసే ఉంచుతున్నాం. బూజు పట్టిన అర చెక్క మార్చేశాం.

పాప లెక్క: టైల్స్ తీసిన రోజు 31. ఆరబెట్టడం మొదలుపెట్టాక 22, 9, 9, 2. పోయిన వారం మొత్తం 0. మందు ఒక్క చుక్క కొట్టలేదు. దురద అయితే ఆ ఫ్లోర్ క్లీనర్ మానేసిన నాలుగైదు రోజులకే తగ్గింది, నాకూ అత్తగారికీ. మా ఆయనకి కూడా, ఆయన అది ఎప్పుడూ ముట్టుకోలేదు గానీ.

నిన్న పొద్దున కాగితం మీద 1 అని రాసుంది. కంగారుపడి ఎక్కడే అంటే, బాల్కనీ కుండీలోంచి తనే తెచ్చిందట. గాజుసీసా గారూ, అది మీకు రాయమంటోంది. సీసాలో పెంచాలంటే ఏం వేయాలి?

పాతమేస్త్రి

సంతోషం అమ్మా. పద్దెనిమిది రోజులు ఆగారు చూడండి, అది మెచ్చుకోవాలి. నా దగ్గర పని చేయించుకున్నవాళ్లు ఒక్కరు కూడా అన్ని రోజులు ఆగలేదు. కొత్త టైల్స్‌కీ పాతవాటికీ మధ్య, గోడా నేలా కలిసే మూలలో సిలికాన్ వేయించారా? అక్కడ గ్రౌట్ ఒక్కటే ఉంటే మళ్లీ చీలుతుంది. మూల పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు వేసి, ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి.

గాజుసీసా

చిన్నమ్మాయికి నా సలాం. మూలల వారీ లెక్క పెద్దవాళ్లు కూడా అంత ఓపిగ్గా చేయరు.

చిన్న గాజు సీసా తీసుకుని అడుగున రెండు వేళ్ల ఎత్తు కట్టెబొగ్గు ముక్కలు వేయమనండి. కుంపటి వెలిగించడానికి రసాయనాలు పూసిన బొగ్గు వద్దు. అడుగున కొంచెం నీళ్లు నిలిచేలా పోయాలి, బొగ్గు మునగకూడదు. వారానికి చిటికెడు ఈస్ట్ చల్లితే చాలు, ఎక్కువైతే కుళ్లి వాసన వస్తుంది. మూత బిగించి, వారానికోసారి తీసి గాలి ఆడనివ్వాలి. నల్లటి బొగ్గు మీద తెల్లగా, బూడిదగా నడుస్తుంటే బాగా కనిపిస్తాయి. ఒక్కటే ఉంటే పిల్లలు పెరగకపోవచ్చు. కొన్ని రకాల్లో మాత్రం ఆడది ఒంటరిగానే గుడ్లు పెట్టేస్తుంది, మీదే రకమో చూడాలి.

తెల్లవారుజాము

సిలికాన్ వేయించానండీ, ఒక రోజు ఆగాం.

సీసా పాప బల్ల మీద ఉంది. దానికి పేరు కూడా పెట్టారు, హాఫ్ సెంచరీ అని. ఒంటరిగా గుడ్లు పెట్టే రకం కాకూడదని మాత్రం నేను కోరుకుంటున్నాను.